షుగర్ ఉన్న మహిళలు మూత్ర సమస్య మూలాన్ని ఎలా కనిపెట్టాలి?

మూత్రంలో మంట పుట్టినా, రాత్రి నాలుగుసార్లు లేవవలసి వచ్చినా ‘వేడి చేసిందిలే’ అనుకుని బార్లీ నీళ్లు తాగి ఊరుకోవడం మన ఇళ్లలో మామూలే. షుగర్ ఉన్నవారికి ఆ అలవాటు పనికిరాదు. పైకి ఒకేలా కనిపించే ఇబ్బంది వెనుక వారిలో వేర్వేరు కారణాలు ఉంటాయి, ఒకదానికి వాడే మాత్ర మరొకదానికి చేటు చేయవచ్చు కూడా. అందువల్ల మందుకంటే ముందు కొలత కావాలి.

మొదట మూడు రోజుల లెక్క రాయండి. కొలత గీతలున్న మగ్గు ఒకటి బాత్రూంలో ఉంచుకుని, ఎప్పుడు ఎంత మూత్రం వచ్చింది, ఏమేం తాగారు, ఎప్పుడు ఆపుకోలేకపోయారు అన్నవి నోటుపుస్తకంలో రాసుకోవాలి. ‘తెల్లవారుజాము 4:30, 350 మిల్లీలీటర్లు, 5:15, 60 మిల్లీలీటర్లు, మంట’ అన్నంత క్లుప్తంగా ఉన్నా చాలు.

ఆ తరువాత లెక్కను చదవండి. వెళ్లిన ప్రతిసారీ ఎక్కువగా వస్తూ, దాహం కూడా వేస్తుంటే అది చాలావరకు చక్కెర పనే. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పూర్తిగా పట్టి ఉంచలేక వదిలేస్తాయి, పోతూ పోతూ అది నీటిని వెంట లాక్కుపోతుంది. నీళ్లు తాగడం మానేస్తే ఇది తగ్గదు, చక్కెరను అదుపు చేస్తేనే తగ్గుతుంది. మాటిమాటికీ కొద్దికొద్దిగా వస్తూ మంట ఉంటే ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా చుక్కలు పడుతుంటే, మూత్రాశయాన్ని కింద నుంచి పట్టి ఉంచే కటి కండరాలు చాలావరకు వదులయ్యాయని అర్థం. ఆ కండరాలను మూత్రం ఆపుకుంటున్నట్టు ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదులుతూ, ఒక విడతకు పదిసార్ల చొప్పున రోజుకు మూడు విడతలు చేయాలి. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు.

అన్నింటిలోకీ మోసగించే రకానికి బాధే ఉండదు. ఏళ్లతరబడి చక్కెర అదుపు తప్పి ఉంటే నరాలు దెబ్బతిని, మూత్రాశయం నిండిన సంగతి మెదడుకు సరిగా అందదు. ‘మునుపటిలా ఊరికే వెళ్లనక్కర్లేదు, తగ్గిపోయింది’ అని సంతోషిస్తున్న మనిషికి అసలు జబ్బు ముదురుతూ ఉండవచ్చు. ఏడెనిమిది గంటలు గడిచినా వెళ్లాలనిపించకపోవడం, ధార సన్నబడటం, ముక్కవలసి రావడం, ఇంకా మిగిలి ఉన్నట్టనిపించడం దీని గుర్తులు. మిగిలిన మూత్రంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి కనుక, మూత్రం పోసిన వెంటనే లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూడమని డాక్టరును మీరే అడగండి. ఈలోగా వెళ్లాలనిపించేదాకా ఎదురుచూడకుండా, గడియారం చూసి మూడు నాలుగు గంటలకోసారి వెళ్లాలి. తీరిగ్గా కూర్చుని పోసి, ఒక నిమిషం ఆగి, కాస్త ముందుకు వంగి మరోసారి ప్రయత్నించాలి. బస్సు ప్రయాణమనో, పనిచేసేచోట మరుగుదొడ్డి బాగోదనో నీళ్లు మానేసి, గంటలకొద్దీ ఆపుకోవడం ఎవరికైనా మంచిది కాదు, వీరికి అసలే కాదు.

మంట ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే కల్చర్ పరీక్షకు, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు మూత్రం ఇవ్వాలి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ వారిచ్చిన డబ్బాలో పట్టాలి. ఏ బాధా లేకుండా రిపోర్టులో మాత్రం బ్యాక్టీరియా కనిపిస్తే, గర్భిణులకు తప్ప సాధారణంగా మందు అవసరం ఉండదు. రిపోర్టు చూసి దుకాణంలో మాత్రలు కొనుక్కోకండి.

వాడుతున్న మందుల చీటీ కూడా వెంట తీసుకెళ్లండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపడం ద్వారానే పనిచేస్తాయి, కాబట్టి కొందరిలో జననాంగం వద్ద ఫంగస్ చేరి దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట వస్తాయి. మూత్రం తగిలితే పైచర్మం మండటం దీనివల్ల కూడా కావచ్చు. సిగ్గుపడి చెప్పకపోవడం, సొంతంగా మాత్ర మానేయడం రెండూ తప్పే.

చలితో జ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, లేదా పొత్తికడుపు ఉబ్బి మూత్రం రాకపోవడం కనిపిస్తే మూడు రోజుల లెక్క పూర్తయ్యేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.