పాత క్యాసెట్లలోని రేడియోను కంప్యూటర్లోకి ఎక్కించడం, తేదీ కట్టడం

శ్రీకాకుళం, విజయనగరం వైపు రేడియో అంటే చాలాకాలం ఆకాశవాణి విశాఖపట్నమే. 1963లో మొదలైన కేంద్రం, మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. ఆ ప్రసారాలను టూ-ఇన్-వన్‌లో పట్టిన క్యాసెట్లు అటకల మీద ఇంకా ఉన్నాయి. ఎక్కించేటప్పుడు చాలామంది పాటలు ఉంచి మధ్య మాటలు కత్తిరించేస్తారు. పాట ఇంకెక్కడైనా దొరుకుతుంది. అనౌన్సరు మాట, శ్రోతల ఉత్తరాలు, తుపాను హెచ్చరిక మళ్లీ దొరకవు. కేంద్రం చరిత్ర అంతా వాటిలోనే ఉంది కాబట్టి రెండు వైపులా, ఖాళీ చోట్లతో సహా, మొత్తం ఎక్కించండి.

ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. తర్వాత కిటికీలోంచి రీలు అంచు చూడండి. తెల్లటి చుక్కలుంటే బూజు. సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. అలాంటిదాన్ని ప్లేయర్లో పెట్టొద్దు. టేపును చదివే హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్లకు పాకుతుంది. సిలికా జెల్ వేసిన డబ్బాలో కొన్ని రోజులు ఆరనిచ్చి, మాస్కు పెట్టుకుని, మెత్తటి పొడి గుడ్డ మధ్యగా టేపును నెమ్మదిగా చుట్టాలి. టేపు వెనక ఉండే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోతే శబ్దం బొంగురుగా, వచ్చీరాకుండా ఉంటుంది. అప్పుడు అయిదు స్క్రూలతో విప్పగల వేరే క్యాసెట్ డొల్లకు రీళ్లు మార్చడమే మార్గం. సి-120 (120 నిమిషాల క్యాసెట్) టేపు మందం 9 మైక్రాన్లే, 60 నిమిషాల సి-60లో సగం. దాన్ని గబగబా వెనక్కి తిప్పితే చిక్కుపడుతుంది.

హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు రోలరుకు మాత్రం తడిగుడ్డ చాలు, ఆల్కహాల్ తగిలితే కాలక్రమంలో రబ్బరు బీటలు వారుతుంది. గరగర తగ్గించే డాల్బీ మీట ఆఫ్‌లో ఉంచండి.

ఎక్కువగా చెడేది ఇక్కడే: రికార్డు చేసిన సెట్టులో హెడ్డు వంపు ఒకటి, మీ డెక్కులో (ఇప్పుడు వాయించే ప్లేయర్లో) ఇంకొకటి. అనౌన్సరు 'స', 'శ' మొద్దుగా వినిపిస్తే అదే కారణం. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న చిన్న స్క్రూను, రెండు ఛానళ్లూ కలిపి మోనోలో వింటూ, చాలా కొద్దికొద్దిగా తిప్పండి. 'శ్రీకాకుళం'లో 'శ్రీ' ఎక్కడ పదునుగా పలుకుతుందో అక్కడ ఆపాలి. ఈ పని ప్రతి క్యాసెట్‌కూ విడిగా చేయాల్సిందే.

డెక్కు లైన్-అవుట్ నుంచి లైన్-ఇన్ ఉన్న, శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు తీగ కలపండి. లాప్‌టాప్ మైకు సాకెట్ వద్దు, శబ్దం పగిలిపోతుంది. శబ్దం రికార్డు చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. స్టీరియోలో 90 నిమిషాలకు సుమారు 1.5 జీబీ పడుతుంది. ఈ ఫైలును ముట్టుకోకుండా, గరగర తీసే పని ఏదైనా కాపీ మీదే చేయండి. గరగర మరీ తీసేస్తే మాట నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది.

టేపు వేగం సరిచూసుకోవడానికి, రికార్డులో వినిపించే కరెంటు హమ్‌ను నమ్మొద్దు. ఆ రోజుల్లో గ్రిడ్ 50 హెర్ట్జ్ మీద నిలకడగా ఉండేది కాదు. ఆకాశవాణి సంకేత సంగీతం దొరికితే మంచి కాపీతో శ్రుతి పోల్చి చూడండి.

ఇక ఏ ప్రసారమో తేల్చాలి. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ) తెరవండి. శబ్దం 5 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే మీడియం వేవ్ అయ్యుండొచ్చు. 15 వరకు ఉంటే ఎఫ్ఎం. కానీ నాసిరకం టేపు కూడా పైశబ్దాన్ని మింగేస్తుంది, కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చకండి. వెనకాల ఇంకో కేంద్రం కలిసి వినిపిస్తుంటే చీకటిపడ్డాక పట్టినది. మీడియం వేవ్ పగలు అంత దూరం రాదు.

తేదీకి ఉత్తరాల చిరునామాలే బంగారం. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. 'విజయనగరం జిల్లా' అని చదివితే ఆ తర్వాతిదే. 'శ్రీకాకుళం జిల్లా బొబ్బిలి' అంటే అంతకు ముందుదని అనుకోవచ్చు గానీ, జనం పాత అలవాటు వెంటనే మానరు. 'మండలం' వినిపిస్తే 1985 తర్వాతిది. పాట ఏ సినిమాదో తెలిస్తే ఆ విడుదల ఏడు కన్నా వెనక్కి పోలేం. క్యాసెట్ మీద రాసిన తేదీ చివరి సాక్ష్యం మాత్రమే, ఎందుకంటే ఒకే టేపు మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసేవారు.

ఫైలు పేరు ఇలా: ఏడాది అంచనా, కేంద్రం, వైపు, క్యాసెట్ నంబరు. పక్కనే చిన్న టెక్స్టు ఫైల్లో ఎన్నో నిమిషం దగ్గర ఏముందో, తేదీకి ఆధారం ఏమిటో రాయండి. ఇంకెవరికైనా ఇచ్చేటప్పుడు శ్రోతల ఇంటి చిరునామాలు తీసేయండి, పాటలకు హక్కులుంటాయి కాబట్టి వాటిని బయట పెట్టకండి. రెండు కాపీలు వేర్వేరు ఇళ్లలో ఉంచి, క్యాసెట్లను స్పీకర్లకు దూరంగా, నిలువుగా పెట్టండి.