కణితి డీఎన్ఏలో కోల్పోయిన భాగాలను గణాంక పద్ధతులతో గుర్తించడం ఎలా?

కణ విభజనను అదుపులో ఉంచే జన్యువులు ప్రతి కణంలోనూ రెండేసి ప్రతులుగా, తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి చొప్పున ఉంటాయి. రెండూ దెబ్బతిన్నప్పుడే కణం అదుపు తప్పుతుందని, పసిపిల్లల కంటికి వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌ను పరిశీలించి ఆల్ఫ్రెడ్ నడ్సన్ 1971లో ప్రతిపాదించాడు. ఆ రెండో దెబ్బ చాలాసార్లు క్రోమోజోములో ఒక ముక్క మొత్తంగా ఊడిపోవడం వల్ల తగులుతుంది. 13వ క్రోమోజోము మీది ఆర్‌బీ1, 17వ దాని మీది టీపీ53 ఇలా పోయే జన్యువులలో ముఖ్యమైనవి. పోయిన ముక్కను కనిపెట్టడం ప్రధానంగా గణాంకశాస్త్రం పని. డీఎన్ఏ అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ చెన్నైలోనో హైదరాబాదులోనో జరిగినా, అక్కడి నుంచి వచ్చిన లెక్కల పట్టికలను విశ్లేషించడానికి నెల్లూరులోనో ఒంగోలులోనో చదివే స్టాటిస్టిక్స్ విద్యార్థికి ఒక మామూలు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ సరిపోతాయి.

ముందుగా నమూనాల సంగతి చూడాలి. కణితి ముక్కతో పాటు అదే రోగి రక్తం నుంచి తీసిన డీఎన్ఏ కూడా ఉండాలి. అది లేకపోతే పుట్టుకతోనే ఉన్న తేడాను కణితి కోల్పోయిన భాగంగా పొరబడే ప్రమాదం ఉంది. ఫార్మలిన్‌లో ఉంచి పారఫిన్ దిమ్మగా మార్చిన కణజాలంలో డీఎన్ఏ ఎలాగూ కొంత తునిగి ఉంటుంది. అలాంటి దిమ్మను రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో వేడెక్కే గదిలో నిల్వ ఉంచితే అది మరింత తునుగుతుంది కనుక, దిమ్మ ఎన్నేళ్ల నాటిదో, ఎక్కడ ఉంచారో రాసి పెట్టుకోవడం అవసరం.

ఫలితాల జోలికి పోకముందే కణితి స్వచ్ఛతను, అంటే ముక్కలో నిజమైన క్యాన్సర్ కణాల వాటాను, తెలుసుకోవాలి. మొలగొలుకుల బస్తాలో వేరే రకం బియ్యం కలిసినట్లు, కణితిలో రక్తనాళాల కణాలూ తెల్ల రక్తకణాలూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. స్వచ్ఛత 60 శాతం అనుకుందాం. క్యాన్సర్ కణాలు ఒక ప్రతిని కోల్పోతే సగటు ప్రతుల సంఖ్య 0.6 × 1 + 0.4 × 2 = 1.4 అవుతుంది. దాన్ని 2తో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీసుకుంటే సుమారు −0.51 వస్తుంది. దీన్నే లాగ్ నిష్పత్తి అంటారు. స్వచ్ఛమైన కణితిలో ఇదే విలువ −1. స్వచ్ఛత 30 శాతానికి దిగితే −0.23 మాత్రమే. కాబట్టి అందరు రోగులకూ ఒకే హద్దు గీసి, అది దాటితే నష్టమని తేల్చడం నా దృష్టిలో ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు. ఆశించవలసిన విలువను ప్రతి నమూనాకూ విడిగా, ముందే చేత్తో లెక్క కట్టుకోవాలి.

సీక్వెన్సింగ్‌లో చదివిన డీఎన్ఏ తునకలను రీడ్లు అంటారు; ప్రతులు తగ్గిన చోట అవీ తగ్గుతాయి. కానీ రీడ్ల సంఖ్య ఒక్కటే సాక్ష్యంగా చాలదు. రక్తం డీఎన్ఏలో తల్లి ప్రతిలో ఒక అక్షరం, తండ్రి ప్రతిలో వేరే అక్షరం ఉన్న స్థానాల్లో, కణితి రీడ్లలో రెండో అక్షరం వాటా ఎంతో చూడాలి. మామూలుగా అది 0.5 దగ్గర ఉంటుంది. పై ఉదాహరణలో ఒక ప్రతి పోతే 0.71కి గానీ 0.29కి గానీ జరుగుతుంది. ఒక స్థానంలో 100 రీడ్లు ఉండి, వాటిలో 64 ఒకే అక్షరానివి అయ్యాయనుకుందాం. ద్విపద విభాజనం ప్రకారం సగటు 50, క్రమ విచలనం 5 కనుక జడ్ విలువ 2.8, పీ విలువ (నష్టమేమీ లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత) సుమారు 0.005. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్షకు ఇది అతి సరళమైన రూపం. అయితే ఇలాంటి 20,000 స్థానాలను పరీక్షిస్తే, ఏ నష్టమూ లేకపోయినా సుమారు 100 స్థానాలు కేవలం యాదృచ్ఛికంగా ఈ హద్దు దాటుతాయి. పైగా రీడ్లలో నిజమైన చెదురు ద్విపద విభాజనం చెప్పేదానికంటే ఎక్కువ కనుక, ఆ అదనపు చెదురును లెక్కలోకి తీసుకునే బీటా-ద్విపద నమూనాను వాడడం మేలు.

అందుకే విడి స్థానాలను వదిలి, వరుసగా ఒకే వైపు ఒరిగిన ఖండాలను వెతకాలి. ముందు క్రోమోజోమును గడులుగా, అంటే చిన్న చిన్న భాగాలుగా, విడదీసి ఒక్కో గడిలోని రీడ్లను లెక్కించాలి. జీసీ శాతం (డీఎన్ఏలో జీ, సీ అక్షరాల వాటా) వల్ల ఆ సంఖ్యలో వచ్చే హెచ్చుతగ్గులను లోయెస్ అనే నునుపు వక్రరేఖ పద్ధతితో సవరించాలి. తర్వాత ఓల్షెన్, వెంకట్రామన్ బృందం 2004లో ప్రచురించిన వృత్తాకార ద్విభాగ ఖండన పద్ధతిని, ఆర్‌లోని డీఎన్ఏకాపీ ప్యాకేజీ ద్వారా, వాడవచ్చు. అది క్రోమోజోము రెండు కొసలనూ కలిపి వృత్తంగా భావించి, మిగతా భాగం సగటుతో అత్యధిక తేడా ఉన్న చాపాన్ని వెతుకుతుంది. విలువల వరుసను పదేపదే కలగాపులగం చేసి, అంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత తక్కువని తేలితేనే అక్కడ కోస్తుంది. కోసిన ముక్కలలో మళ్లీ అదే పని చేస్తుంది. ఒక్కో గడి లాగ్ నిష్పత్తిలో క్రమ విచలనం 0.3 ఉన్నా, 36 గడుల ఖండం సగటుకు ప్రామాణిక దోషం 0.05కి తగ్గుతుంది. పక్కపక్క గడుల దోషాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక నిజమైన దోషం ఇంతకంటే కొంత ఎక్కువే.

ఇప్పుడు రెండు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చదవాలి. లాగ్ నిష్పత్తి −0.51 దగ్గర, అక్షరాల వాటా 0.71, 0.29 దగ్గర ఉంటే ఒక ప్రతి పోయినట్లు. లాగ్ నిష్పత్తి సున్నా దగ్గరే ఉండి వాటా 0.8, 0.2గా చీలితే, ఒక ప్రతి పోయి మిగిలినది రెట్టింపైనట్లు; రీడ్ల సంఖ్యను మాత్రమే చూసేవారికి ఈ నష్టం అసలు కనిపించదు. లాగ్ నిష్పత్తి −1.32కి పడిపోయి వాటా తిరిగి 0.5కి వస్తే కంగారు పడనక్కరలేదు: రెండు ప్రతులూ పోయాయి, మిగిలిన రీడ్లన్నీ మామూలు కణాలవే. 9వ క్రోమోజోము మీది సీడీకేఎన్2ఏ జన్యువు దగ్గర ఇది తరచుగా కనిపిస్తుంది. కణితి తన జన్యు సముదాయం మొత్తాన్ని రెట్టింపు చేసుకుని ఉంటే సున్నా గీత రెండు ప్రతులను సూచించదు. అప్పుడు స్వచ్ఛతనూ ప్రతుల సగటునూ కలిపి అంచనా వేసే ఆస్కాట్ వంటి పద్ధతి వాడాలి.

ఆలిగోడెండ్రోగ్లియోమా అనే మెదడు కణితి నిర్ధారణకు ఐడీహెచ్ అనే జన్యువులో ఉత్పరివర్తనతో పాటు, 1వ క్రోమోజోము పొట్టి భుజమూ 19వ దాని పొడుగు భుజమూ రెండూ పూర్తిగా పోయి ఉండాలి. భుజంలో కొంత ముక్కే పోయిన ఖండాన్ని ఆ లెక్కలో వేయకూడదు. రోగి చికిత్సకు సంబంధించిన ఏ ఫలితాన్నైనా ప్రతుల సంఖ్యను ప్రయోగశాలలో వేరే పద్ధతిలో చూసే ఫిష్ పరీక్షతో గానీ ఎమ్ఎల్‌పీఏ పరీక్షతో గానీ సరిచూసి, పాథాలజిస్టు సంతకంతోనే నివేదికలో చేర్చాలి.