స్కాలర్‌షిప్ జాబితాలోని మాటను తరగతి గదిలోకి రానివ్వకపోవడం ఎలా

ఎస్సీ, ఎస్టీ, బీసీ, బలహీనవర్గం అనే మాటలు ప్రభుత్వ కాగితాల్లో ఉండవలసినవే. అవి లేకపోతే స్కాలర్‌షిప్పు మంజూరు కాదు, సంక్షేమ హాస్టల్లో సీటు దొరకదు, 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లూ దక్కవు. చిక్కల్లా ఆ మాట రిజిస్టరు దాటి ఉపాధ్యాయుడి నోటికి ఎక్కినప్పుడే మొదలవుతుంది.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల బాలురకు దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చి ఒక ప్రయోగం చేశారు. కులం ప్రస్తావన రానంతవరకు అన్ని కులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అందరి ఎదుటా కులం చదివి వినిపించాక మాత్రం నిమ్న కులాలుగా చూడబడే పిల్లలు వెనుకబడ్డారు. తెలివి మారలేదు, చదివి వినిపించిన మాట ఒక్కటే మారింది.

కాబట్టి మొదట మానవలసింది, హాజరు ముగియగానే "ఎస్సీ పిల్లలు లేవండి, ఫారాలు తేవాలి" అని పిలవడం. ఒక పిల్లవాడు బల్ల అంచు పట్టుకుని సగం లేచి, పక్కవాడు చూస్తున్నాడని మళ్లీ కూర్చుంటాడు. ఆ ఏడాది అతను ఫారం ఇవ్వకపోయినా ఆశ్చర్యపడనక్కర లేదు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు తరగతిలోని అందరినీ తెమ్మని చెప్పి, కుల ధ్రువపత్రాన్ని తల్లిదండ్రుల నుంచి కార్యాలయంలోనే తీసుకుంటే సరిపోతుంది.

రెండవదిగా చేయవలసింది, జవాబుపత్రంలో పేరున్న మూలను మడిచి దిద్దడం. ఇంటిపేరు చూసి మార్కులు వేసే అలవాటు తమకు లేదని చాలామంది నిజాయితీగానే నమ్ముతారు, కానీ మడతకు ఖర్చేమీ లేదు కదా.

మూడవది కష్టమైనది. "డల్" అనే మాటకు బదులు ఏమి రావడం లేదో తేదీతో సహా రాయాలి. 408ని 4తో భాగించమంటే 12 అని రాసే అమ్మాయికి భాగహారం వచ్చు. భాగఫలంలో పదుల స్థానాన సున్న పెట్టాలని మాత్రం తెలియదు. అలా రాసుకుంటే రేపు ఏమి చెప్పాలో తెలుస్తుంది, డల్ అని రాసుకుంటే ఏమీ తెలియదు. స్థాయిని బట్టి జట్లు చేయవలసి వస్తే ఆ అంశానికే పరిమితం చేసి, అది రాగానే కలిపివేయాలి. సి గ్రూపుకు మందారం అని పేరు పెట్టినా అది వెనుకబడినవారి జట్టని పిల్లలు వారంలో పసిగడతారు.

"ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు" అన్నది సానుభూతిగా వినిపిస్తుంది గాని, స్టాఫ్‌రూములో అది చాలాసార్లు చేతులెత్తేయడానికే పనికివస్తుంది. అటువంటి పిల్లలకు ఇంటిపనిని బడిలోనే చివరి పీరియడులో చేయించాలి. ఏడాది చివర వచ్చే తరగతి ఉపాధ్యాయునికి అప్పగించే పుస్తకంలో ఆ సున్న సంగతి వంటివే రాయాలి, అది కూడా వచ్చేసి ఉంటే కొట్టివేయాలి.