కాపలా పెద్దాయన పాత్ర నమ్మేట్టు ఎట్టా మారిందంటే

నేను రాస్తున్న క్రైమ్ కథ నెల్లూరు జిల్లా విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర జరుగుద్ది, అందులో కాపలా ఉండే పెద్దాయన పనల్లా శవాన్ని చూసి కేక పెట్టడమే, అందుకే చదివినోళ్లకి ఆయన మనిషిలా అనిపించలా. అప్పుడు శవాన్ని పక్కనబెట్టి ముందు ఆయన రాత్రి ఎట్టా గడుస్తదో రాసుకున్నా. తెల్లారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గిపోద్ది, కరెంటు పోతే నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వెయ్యకపోతే రొయ్యలు చచ్చిపోయి పెట్టుబడంతా నీళ్లపాలే. అట్టాంటి పనిలో ఉన్నోడు "నిద్రపోయా సార్, నాకేం వినబళ్లా" అంటే ఎవరు నమ్ముతారు? మరి అబద్ధం ఎందుకు? హత్యతో సంబంధం లేదు, కూతురి కాలేజీ ఫీజు కోసం జనరేటర్ డీజిల్ కొంచెం కొంచెం అమ్ముకుంటున్నాడు. ఇది దొరికాక పాత్రకి ప్రాణమొచ్చింది. నన్నడిగితే అనుమానితుడికి హత్య కేసుకన్నా తన చిన్న రహస్యం బయటపడతదనే భయమే ఎక్కువుండాలి.

ఎస్సైని కూడా మార్చా. సాక్షి పోలీసులకి చెప్పిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు, కేసుల దర్యాప్తు ఎట్టా చెయ్యాలో చెప్పే పాత చట్టం సీఆర్పీసీలోనూ అంతే, దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అంతే. అందుకని సంతకం సీను తీసేసి, "రాత్రి కరెంటు ఎన్నింటికి పోయింది పెద్దాయనా?" అని మెల్లగా అడిగేట్టు పెట్టా, బెదిరింపుకన్నా ఈ ప్రశ్నకే ఆయన ఎక్కువ తడబడతాడు. ఇంక హంతకుడి పాత్ర మిగిలింది, దాన్ని కూడా అతని రోజువారీ పని దగ్గర్నించే మొదలుపెడుతున్నా.