చిన్ననాటి బొమ్మకార్లను ఎలా సేకరించాలి? ఎలా కాపాడుకోవాలి?

మూడేళ్ల కిందట, విజయవాడ సత్యనారాయణపురంలోని మా పాత ఇంటి అటక సర్దుతుంటే ఇత్తడి గంగాళంలో ఒక నీలం బొమ్మకారు దొరికింది. అరచేతిలో సరిగ్గా ఇమిడేంత లోహపు కారు. ఎడమ తలుపు లేదు. వెనుక టైరు మీద మా చెల్లి పంటి గాట్లు నాలుగు. తిప్పి చూస్తే అడుగున, పక్కింటి పిల్లల కార్లతో కలిసిపోకుండా నేను కంపాస్ ముల్లుతో గీసుకున్న 'ర' అక్షరం. గంగాళాన్ని అక్కడే వదిలేసి అటక దిగాను. ఇప్పుడు నా బీరువాలో అరవైకి పైగా కార్లున్నాయి. ఎలా మొదలుపెట్టాలని అడిగేవారికి నేను చెప్పేది ఇది.

ముందు ఇల్లు వెతకండి

డబ్బు ఖర్చు పెట్టకముందే అటక, కుట్టు మిషన్ సొరుగు, గుంటూరులోనో తెనాలిలోనో ఉన్న అమ్మమ్మగారి సందుగపెట్టె చూడండి. చాలామంది మరిచిపోయే చోటు బొమ్మల కొలువు పెట్టె. కొలువులో కింది మెట్టు ముందు ఇసుక పోసి ఊరు కట్టేవాళ్లం కదా, ఆ ఊరి రోడ్డు మీద నడవడానికి పిల్లల కార్లే వెళ్లేవి. పండుగ అయ్యాక అవి మట్టిబొమ్మలతో పాటే గడ్డిలో చుట్టుకుని పెట్టెలోకి పోయేవి. బొమ్మ దొరికితే దాని సంగతి ఇంట్లో పెద్దవాళ్లను వెంటనే అడిగి రాసుకోండి. ఎవరు కొన్నారు, ఏ పండుగకు కొన్నారు అన్నది వాళ్లకే తెలుసు.

ఏవి సేకరించాలో తేల్చుకోండి

కనిపించినవన్నీ కొంటే ఏడాదిలో విసుగొస్తుంది. మీరు ఆడుకున్నవి, ఆడుకోవాలని ఆశపడి దొరకనివి, ఈ రెండు జాబితాలతో మొదలుపెట్టండి.

కొలతలు కొద్దిగా తెలిసి ఉండాలి. అసలు అంబాసిడర్ కారు పొడవు 4.3 మీటర్ల పైచిలుకు. 1:43 కొలతలో, అంటే అసలు కారులో 43వ వంతుగా చేస్తే అది 10 సెంటీమీటర్లకు, 1:64లో చేస్తే ఏడుకు కాస్త తక్కువకు వస్తుంది. చిన్నప్పుడు జేబులో వేసుకు తిరిగినవి ఎక్కువగా ఈ రెండో రకం.

ఇంగ్లాండులో డింకీ కార్లు 1930లలో, కార్గీ కార్లు 1956లో వచ్చాయి. డింకీ అచ్చులు కొన్ని తరవాత కలకత్తా చేరాయి. వాటితో పోసిన కార్లు నిక్కీ పేరుతో మన దేశంలో అమ్ముడయ్యాయి. హాట్ వీల్స్ అమెరికాలో 1968లో పుట్టింది. మ్యాచ్‌బాక్స్ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే బడికి తీసుకురావచ్చని నియమం ఉండటంతో, జాక్ ఓడెల్ అనే ఇంజినీరు తన కూతురి కోసం అంత చిన్న రోడ్డు రోలరు చేసి పెట్టాడు. ఆ ఆలోచనే 1953లో మ్యాచ్‌బాక్స్ అయింది. అది చదివినప్పుడు ఖాళీ అగ్గిపెట్టెలు దారంతో గుచ్చి మేం నడిపిన రైలు గుర్తొచ్చింది. అందుకే నా బీరువాలో ఒక అరలో అగ్గిపెట్టెల రైలుకూ, తాటికాయల బండికీ చోటిచ్చాను. కొండపల్లి ఎడ్లబండి కూడా అక్కడే ఉంది. కొననివాటినీ, మన ఊరి పక్కన చేసినవాటినీ వదిలేస్తే మన బాల్యంలో సగం బయటే ఉండిపోతుంది.

ఎక్కడ దొరుకుతాయి?

వన్‌టౌన్‌లో పాత ఇనుప సామాన్లు కొనే కొట్లవాళ్లతో పరిచయం పెంచుకోండి. "బొమ్మకారు వస్తే కరిగించడానికి పంపకండి, నాకు ఫోను చేయండి" అని చెప్పి నంబరు ఇచ్చి రావాలి. ఒకసారి చెబితే చాలదు, నెలకోసారి కనబడుతుండాలి. పాత నిల్వలున్న చిన్న ఫ్యాన్సీ దుకాణాల్లో పై అరలు చూపించమని అడగండి. ఇంటర్నెట్‌లో కొనేటట్లయితే కారు అడుగుభాగం ఫొటో పంపనివారికి డబ్బు పంపవద్దు.

చేతిలోకి తీసుకుని ఏం చూడాలి?

అయస్కాంతం ఒకటి జేబులో ఉంచుకోండి. రేకు బొమ్మకు అది అంటుకుంటుంది. పోత పోసిన కారు జింకు మిశ్రమం కాబట్టి దాని ఒంటికి అంటుకోదు, ఇనుప ఇరుసు దగ్గర మాత్రం లాగుతుంది. తరవాత కారు తిప్పండి. కంపెనీ పేరు, దేశం, నంబరు అడుగునే ఉంటాయి. హాట్ వీల్స్ అడుగున కనిపించే సంవత్సరం ఆ నమూనా హక్కులకు సంబంధించినది, మీ చేతిలోని కారు అంతకు ఎన్నో ఏళ్ల తరవాత తయారై ఉండవచ్చు. దాన్ని చూపించి ఎక్కువ ధర చెబితే ఒప్పుకోకండి.

అడుగు రేకును పట్టి ఉంచే రివెట్‌ను డ్రిల్లుతో తొలిచిన గుర్తు ఉందా? ఇరుసుల మీద రంగు పడిందా? అక్షరాల గాడులు రంగుతో పూడుకుపోయాయా? అలాగైతే దాన్ని విప్పి మళ్లీ రంగు వేశారని అర్థం. లోహమే సన్నగా బీటలు వారి, ఉబ్బి ఉంటే అసలు కొనవద్దు. పోతలో సీసం వంటివి కలిసిన పాత కార్లకు వచ్చే జబ్బు అది, మందు లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

కడగండి, రంగు మాత్రం వేయకండి

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, మెత్తని టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. కాగితపు స్టిక్కరు ఉన్నచోట తడి తగలనివ్వకూడదు. వెంటనే తుడిచి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనిచ్చాక ఇరుసుకు కుట్టు మిషన్ నూనె సూదిమొనతో అంటించండి. చక్రం తిరుగుతుంది. థిన్నరు దగ్గరకు రానివ్వకండి, రంగు ఊడిపోతుంది. కొండపల్లి బొమ్మను నీళ్లలో ముంచనే కూడదు. తేలికైన తెల్ల పొణికి కర్ర, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు. పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మా అన్నయ్య ఎర్ర వ్యాను ఒకటి పెచ్చులూడి దొరికింది. సంతోషపెడదామని ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసే ఒకాయనకు ఇచ్చాను. నేను అడిగినట్టే అద్దంలా మెరిసేలా వేసి ఇచ్చాడు. అన్నయ్య చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిరా, ఎక్కడ కొన్నావు?" అన్నాడు. మెట్ల మీద నుంచి దొర్లించి తను చేసిన సొట్టలన్నీ లప్పంతో పూడిపోయాయి మరి. అప్పటి నుంచి ఒక్క కారుకూ రంగు వేయించలేదు. ఊడిన పెచ్చు ఊడినట్టే ఉంచుతాను.

మన ఎండకూ తేమకూ తట్టుకునేలా దాచండి

విజయవాడ ఎండ కిటికీలోంచి నేరుగా పడితే ఎరుపు రంగు ముందు వెలిసిపోతుంది. అద్దాల బీరువాను ఎండ తగలని గోడకు పెట్టండి. వానాకాలం ముందు తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చండి. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో కార్లను ఉంచితే కొన్నాళ్లకు అవి రంగుకు అతుక్కుపోతాయి, తెల్ల పలచటి కాగితంలో చుట్టడం మేలు. బ్యాటరీతో నడిచేవాటి బ్యాటరీలు ఇవాళే తీసేయండి.

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు వీటిని ఇవ్వకూడదు. వాళ్లకు ఐఎస్ఐ గుర్తున్న కొత్త కార్లు కొనండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. కాస్త పెద్ద పిల్లలైతే చాప పరిచి, పక్కన కూర్చుని ఆడించండి, తరవాత చేతులు కడిగించండి.

ఒక నోటుపుస్తకం పెట్టండి

ప్రతి కారుకూ ఒక పేజీ కేటాయించండి. కొలత, అడుగున ఉన్న అక్షరాలు, దొరికిన చోటు, ఇచ్చిన ధర, లోపాలు, తెలిసిన కథ రాయండి. నీలం కారు పేజీలో "వెనుక టైరు మీద పంటి గాట్లు, కారణం తెలియదు" అని రాసుకున్నాను. కిందటి సంక్రాంతికి చెల్లి వచ్చినప్పుడు ఆ పేజీ చదివి, పెన్ను అడిగి తీసుకుని కింద తన చేత్తో రాసింది: "ఒక్కసారి ఇవ్వమంటే ఇవ్వలేదు. అందుకని కొరికాను."