ఈగా, తేనెటీగా? చిన్న జీవులను గుర్తుపట్టడం ఎలా

గడ్డిచామంతి పూల మీద నలుపు, పసుపు చారలతో ఏదైనా వాలితే చాలామంది కందిరీగ అనుకుని వెనక్కి జరుగుతారు. విశాఖలో ఖాళీ స్థలాల్లో కనిపించే అలాంటివాటిలో కొన్ని ఒట్టి ఈగలే. హోవర్‌ఫ్లై అంటారు. కుట్టడానికి వాటికి ముల్లే లేదు. పైగా వీటిలో చాలా రకాల పిల్లపురుగులు మొక్కలకు పట్టిన పేనుబంకను తిని బతుకుతాయి. అదేంటో తెలియక, కుండీలకు మేలు చేసేదాన్నే మందు కొట్టి చంపేస్తున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

ముందు కాళ్లు లెక్కపెట్టండి. ఆరుంటే కీటకం. ఎనిమిదుంటే సాలీడో దాని చుట్టమో. తొలకరికి తడి నేల మీద ఎర్రగా, నూగుతో తిరిగే ఆరుద్ర పురుగు ఈ రెండో జట్టుదే. అంతకన్నా చాలా ఎక్కువ కాళ్లుంటే ఒక్కో కణుపు చూడండి. ఒక జత కాళ్లయితే జెర్రి, రెండు జతలైతే రోకలిబండ. జెర్రిని మాత్రం ముట్టుకోకండి, కరుస్తుంది.

తర్వాత రెక్కలు. ఈగలకీ దోమలకీ ఒకే జత ఉంటుంది. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి బుడిపెలుంటాయి, ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ చేసేవి అవే. తేనెటీగకు రెండు జతలు. కానీ ముందు రెక్క, వెనక రెక్క కొక్కేలతో కలిసిపోయి ఒకటే జతలా కనిపించవచ్చు. అందుకని రెక్కలు చూసి ఆగకుండా ముఖం కూడా చూడండి. హోవర్‌ఫ్లైకి తలంతా కళ్లే, మీసాలు చాలా పొట్టివి. తేనెటీగ మీసాలు పొడవుగా, మోచేయి దగ్గర వంగినట్టు ఉంటాయి.

ఫోటో తీయడానికి ఎండ ముదరకముందే వెళ్లాలి. చల్లటి పూట ఇవి అంత చురుగ్గా ఉండవు, దగ్గరికి వెళ్లనిస్తాయి. ముడసర్లోవ గట్టు, సింహాచలం కొండ దారి, లేదంటే మీ అపార్ట్‌మెంట్ గోడ పక్క గడ్డి, ఏదైనా సరే. కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం ఏ జీవినీ పట్టకూడదు, చూసి ఫోటో తీసుకుని రావడమే. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ ఉంటే చాలు. మీ నీడ దాని మీద పడకుండా మెల్లగా వంగి వీపు, పక్క, ముఖం మూడూ తీయండి. రెక్కల మీది ఈనెలు స్పష్టంగా రావాలి, ఈగల్లో రకాలు తేల్చేది చాలావరకు అవే. అది ఎగిరిపోయాక అదే ఆకు పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో తీస్తే సైజు తెలుస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టడం తేలిక. వీపు మీద నాలుగు నల్ల చారలుంటే మామూలు ఇంటి ఈగ. కాస్త పెద్దగా ఉండి, మూడు చారలు, పొట్ట మీద గళ్లు ఉంటే ఫ్లెష్‌ఫ్లై కుటుంబం (కుటుంబం అంటే దగ్గరి జాతుల గుంపు). ఫిషింగ్ హార్బర్‌లో చేపల మీద ఆకుపచ్చగా, నీలంగా మెరుస్తూ వాలేవి బ్లోఫ్లైలు. అదే మెరుపు పెరట్లో ఆకు మీద, సన్నటి పొడవు కాళ్లున్న చిన్న ఈగలో కనిపిస్తే అది వేరే కుటుంబం, లాంగ్‌లెగ్డ్ ఫ్లై. బాత్రూమ్ గోడకు అంటుకుని నూగు రెక్కలతో ఉండేది మాత్‌ఫ్లై, దాని పిల్లలు మురుగు పైపుల్లోని జిగట పాచిలో పెరుగుతాయి.

జాతి పేరు దాకా వెళ్లాలని టెన్షన్ పడొద్దు. చాలా ఈగలను మైక్రోస్కోప్ లేకుండా తేల్చలేం. కుటుంబం దాకా కచ్చితంగా చెప్పగలిగితే అది మంచి సమాధానమే, ఊహించి రాసిన జాతి పేరు కన్నా ఎంతో మేలు. జీవుల ఫోటోలు పెట్టి, అవేంటో అందరూ కలిసి గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టేటప్పుడు తేదీ, చోటు, ఏ మొక్క మీద వాలిందో రాయండి. యాప్ చూపించే మొదటి పేరును అలాగే నొక్కేయకండి. ఎవరైనా వేరే పేరు చెబితే, ఏ ఆనవాలు చూసి చెప్పారో అడగండి.