డీఎక్స్ క్లస్టర్ నోడ్ నడుపుదాం - 5వ పాఠం: ఎవరొచ్చారు, ఎవరు పోయారు

డీఎక్స్ క్లస్టర్ అంటే ఏ దూరపు స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీలో వినిపిస్తోందో హ్యామ్ రేడియో వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే నెట్‌వర్క్. అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్. కాల్‌సైన్ అంటే లైసెన్సుతో పాటు హ్యామ్‌కి ఇచ్చే గుర్తింపు. పోయిన పాఠంలో 'హూ' కమాండ్ కొట్టి, మీ నోడ్‌లో ఎవరెవరున్నారో చూడమన్నాను. చాలామంది ఒకటే అడిగారు: "సార్, నా కాల్‌సైనే నిలవడం లేదు. తెగడం, మళ్లీ రావడం. నెట్ కనెక్షన్ మార్చాలా?" మార్చక్కర్లేదు. ఈసారి చెబుదామనుకున్న ఫిల్టర్లను వచ్చే పాఠానికి జరిపి, ముందు ఇది తేల్చేద్దాం.

మన నోడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ డీఎక్స్‌స్పైడర్ లాగిన్‌లో కాల్‌సైన్ అడుగుతుంది. మామూలు సెట్టింగుల్లో పాస్‌వర్డ్ అడగదు. అదే కాల్‌సైన్‌తో రెండో కనెక్షన్ వస్తే పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని ఉంచుతుంది. ఇప్పుడు మీ టేబుల్ మీద చూడండి. కంప్యూటర్లో లాగింగ్ సాఫ్ట్‌వేర్ (మాట్లాడిన స్టేషన్లను రాసిపెట్టుకునేది) క్లస్టర్‌కి కనెక్టయి ఉంది. ఫోన్లో క్లస్టర్ యాప్ తెరిచి అదే కాల్‌సైన్ ఇచ్చారు. మొదటిది తెగింది. దానికి ఆటో రీకనెక్ట్ ఉంది కాబట్టి వెంటనే మళ్లీ వచ్చింది, దాంతో యాప్ తెగింది. యాప్‌కీ ఆటో రీకనెక్ట్ ఉంటే తెల్లవార్లూ ఇదే తంతు. నోడ్ లాగ్‌లో వందల లైన్లు చేరతాయి. వాటిని లెక్కేసి "మా నోడ్‌కి వందల మంది వస్తున్నారు" అని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చింది ఒక్కరే, రెండు ప్రోగ్రాములతో.

మందు తేలికే. రెండో ప్రోగ్రాంలో కాల్‌సైన్ చివర హైఫన్ పెట్టి 1 చేర్చండి, మూడోదానికి 2. క్లస్టర్ వాటిని విడివిడిగా చూస్తుంది. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఆ తోకలు తీసేయాలి.

మీ నోడ్‌కి వచ్చే మరొకరి కాల్‌సైన్ ఇలాగే తెగుతూ వస్తూ ఉంటే, సిసాప్‌గా (అంటే నోడ్ నడిపేవారిగా) 'షో/లాగ్' కొట్టి ఆ కాల్‌సైన్ ఇవ్వండి. ఏ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి వచ్చిందో చూడండి. రెండు ఐపీలు కనబడగానే దొంగ అనుకోకండి. ఇంట్లో కంప్యూటర్‌కి ఒకటి, మొబైల్ డేటాకి ఒకటి ఉండటం మామూలే. ముందు ఆయన్నే అడగండి. నాది కాదంటే అప్పుడు రిజిస్ట్రేషన్, పాస్‌వర్డ్ పెట్టండి. ఇంకొకరి కాల్‌సైన్‌తో దొంగ స్పాట్లు (ఫలానా స్టేషన్ ఫలానా ఫ్రీక్వెన్సీలో వినబడుతోందనే కబుర్లు) వేసే బెడద నిజంగానే ఉంది. నోడ్‌లు ఒకదానికొకటి పంపుకునే పీసీ61 సందేశంలో స్పాట్‌తో పాటు ఐపీ కూడా వెళ్లేది అందుకే.

కాసేపు ఏమీ కదలనప్పుడే తెగుతుంటే అది రౌటర్ పని. మీ సాఫ్ట్‌వేర్‌లో కీప్‌అలైవ్ (కనెక్షన్ తెగకుండా అప్పుడప్పుడు చిన్న సందేశం పంపేది) ఆన్ చేయండి. మిగతా నోడ్‌లలోని వాళ్లనీ చూపే మొత్తం నెట్‌వర్క్ జాబితాలోంచి ఒక్కసారే బోలెడు మంది మాయమైతే పక్క నోడ్ లింక్ తెగిందన్నమాట. 'లింక్స్' కొట్టి చూడండి.

గ్రాఫులు గీసే ప్యానెళ్లు ఉన్నాయి గానీ, నేను డీబగ్ ఫైళ్లలో (నోడ్‌లో జరిగేదంతా రోజువారీ రాసుండే ఫైళ్లు) వెతికే డీఎక్స్‌స్పైడర్ ప్రోగ్రాం 'గ్రెప్‌డీబీజీ'తోనే పని కానిస్తాను. అంకె ఇవ్వకుండా కొడితే ఇవాళ్టి డీబగ్ ఫైలు, ముందు 1 ఇస్తే నిన్నటిది వెతుకుతుంది. రోజు మారేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం, అంటే మనకి తెల్లవారుజామున 5:30కి. రాత్రి జరిగింది ఉదయం టిఫిన్ వేళకే 'నిన్నటి' ఫైల్లోకి వెళ్లిపోతుంది.

అభ్యాసం: యూటీసీ ప్రకారం పూర్తిగా ఒక రోజు లాగ్ తీసుకోండి. కాల్‌సైన్‌ల తోకలు తీసేసి, ఒక్కొక్కరు ఎన్నిసార్లు వచ్చారో, మొత్తం ఎంతసేపు ఉన్నారో పట్టిక వేయండి. నిమిషం లోపే తెగిన ప్రతి కనెక్షన్‌కీ ఎదురుగా కారణం రాయండి: రెండు ప్రోగ్రాములా, రౌటరా, వేరేవాళ్లా? స్క్రిప్ట్ వద్దు, ఈ ఒక్కసారికి చేత్తోనే చేయండి.